కొయ్యకాలి నుండి విశ్వవిద్యాలయపట్టా వరకు: భారతదేశంలో కృత్రిమావయవవిద్య - చారిత్రకపరిశీలన

వ్యాససంగ్రహం:

కోల్పోయిన అవయవం స్థానంలో కృత్రిమావయవాన్ని అమర్చే విద్య ప్రోస్థెటిక్స్. బలహీనపడిన, వంకరపోయిన అవయవానికి ఆధారసాధనాన్ని అమర్చే విద్య ఆర్థోటిక్స్. ఈ రెండూ నేడు ఒకే పట్టాచదువుగా బోధింపబడుతున్నాయి. భారతదేశంలో ఈ చదువుకు మూలాలు సైనికపనిశాలలో, ఆసుపత్రిలో, హస్తకళాకారుని పనిపాకలో ఉన్నాయి. మొదటి రెండింటికీ పట్టావ్యవస్థలో సులభంగానే చోటు దొరికింది. మూడవదాని నైపుణ్యం పాఠ్యప్రణాళికలోకి వచ్చింది గాని, ఆ నైపుణ్యం గలవాడు మాత్రం తలుపు వెలుపలనే నిలిచాడు. ఈ పరిణామం ఎలా జరిగిందో, రోగి నడకకు దానితో గల సంబంధమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కృత్రిమావయవం, జైపూర్ పాదం, హస్తకళ, వృత్తివిద్య, పునరావాసం, పరిభాష.

1. ప్రవేశిక:

'ప్రోస్థెసిస్' అనే గ్రీకుమాటకు 'చేర్పు' అని అర్థం. ఈ మాట 16వ శతాబ్దిలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు వైద్యపరిభాష కాదు, వ్యాకరణపరిభాష. పదాదిలో ఒక ధ్వని అదనంగా చేరడాన్ని భాషాశాస్త్రం నేటికీ ఆ పేరుతోనే వ్యవహరిస్తుంది. 'స్కూలు' వాడుకలో 'ఇస్కూలు' కావడం తెలుగుపాఠకులకు తెలిసిన ఉదాహరణ. 18వ శతాబ్ది ఆరంభంలోగాని ఈ మాట వైద్యంలో స్థిరపడలేదు. 'ఆర్థోటిక్స్'లోని 'ఆర్థోస్' అంటే తిన్ననిది, సరియైనది. వర్ణక్రమశుద్ధిని చెప్పే 'ఆర్థోగ్రఫీ'లో ఉన్నదీ ఇదే.

వ్యాకరణం చదివినవారికి ఇక్కడొక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. ఆగమం మిత్రునిలా వచ్చి పక్కన చేరుతుందని, ఆదేశం శత్రువులా ఉన్నదానిని తొలగించి ఆ చోట కూర్చుంటుందని పాఠాలలో చెబుతారు. మరి కృత్రిమపాదం ఆగమమా, ఆదేశమా? పోయిన కాలి చోట వచ్చింది కనుక ఆదేశమే అనిపిస్తుంది. కాని మిగిలిన కాలిభాగం దానిని మిత్రునిగా అంగీకరించకపోతే అది ఒక్క అడుగు కూడా వేయించలేదు. పుండు పడుతుంది, నొప్పి పుడుతుంది, చివరకు ఆ కాలు ఇంట్లో ఒక మూలకు చేరుతుంది. ఈ చదువులో నేర్పేదంతా ఒక రకంగా ఆదేశాన్ని ఆగమంగా మార్చే పనియే.

2. యుద్ధాలు - పనిశాలలు:

ఈ విషయంపై వెలువడే వ్యాసాలు చాలావరకు ఋగ్వేదంలోని విశ్పలతో మొదలవుతాయి. యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపుకాలు అమర్చారన్న ప్రస్తావన ప్రథమమండలం 116వ సూక్తంలో ఉన్నమాట నిజమే. అయితే విశ్పల స్త్రీ కాదు, పందెపుగుర్రమని భావించిన పాశ్చాత్యవేదపండితులు కూడా ఉన్నారు. ఆ వివాదం ఎలా తేలినా, ఒక దేవతాప్రసాదకథ నుండి వృత్తిచరిత్రను నిర్మించడం కుదరదు. ఆ కాలిని ఎవరు చేశారు, ఏ పనిముట్టుతో చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనే ప్రశ్నలకు సూక్తంలో సమాధానం వెదకడం దానిపై మోయలేని బరువు పెట్టడమే అవుతుంది.

ఆధునికకాలంలో ఈ విద్యను నడిపించింది యుద్ధం. అమెరికా అంతర్యుద్ధంలో 1861లో కాలు కోల్పోయిన జేమ్స్ ఎడ్వర్డ్ హాంగర్ అప్పటికి ఇంజనీరింగ్ విద్యార్థి. పీపాచెక్కలతో తన కాలిని తానే చేసుకొని, తరువాత దానినే వ్యాపారంగా మలచాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1919లో, ఓటో బాక్ బెర్లిన్‌లో స్థాపించిన సంస్థ కృత్రిమావయవభాగాలను కర్మాగారపద్ధతిలో తయారుచేయడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఒక్కొక్క కాలూ ఒక్కొక్క పనివాని చేతిలో మొదటినుండి చివరిదాకా తయారయ్యేది. భాగాలు కర్మాగారం నుండి వచ్చే రోజు నుండి పనివానికి మిగిలింది ప్రధానంగా సాకెట్టు, అంటే మిగిలిన కాలిభాగం కూర్చునే తొడుగు, దానిని పాదంతో సరిగా కలిపే కూర్పు.

అదే యుద్ధం భారతీయసైనికులలోనూ ఎందరినో వికలాంగులను చేసింది. వారికి చేతివృత్తులు నేర్పడానికి 1917లో బొంబాయిలో క్వీన్ మేరీ పేరిట సాంకేతికపాఠశాల ఏర్పడింది. తరువాత అది పూణే సమీపంలోని ఖడ్కీకి తరలింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో, 1944లో, పూణేలో సైన్యం కృత్రిమావయవకేంద్రాన్ని నెలకొల్పింది. పనివారు ఉస్తాదు పక్కన నిలబడి పని నేర్చుకునే చోట్లు ఇవి. పరీక్ష అంటే సైనికుడు లేచి నడవడమే.

3. ఆసుపత్రి చేరిక:

స్వాతంత్ర్యానంతరం ఈ పని ఆసుపత్రి ప్రాంగణంలోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితి సహకారంతో 1955లో బొంబాయిలో అఖిలభారత భౌతికవైద్య పునరావాససంస్థ ఏర్పడింది. దక్షిణాదిన వెల్లూరు క్రైస్తవవైద్యకళాశాలది వేరొక దారి. అక్కడ 1946 నుండి పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులకు, పాదాలకు శస్త్రచికిత్సలు చేస్తూ, స్పర్శ లేని పాదానికి శస్త్రచికిత్స కన్నా చెప్పే ముఖ్యమని గ్రహించారు. మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరుతో పాదరక్షలు చేయించారు. అక్కడే పనిచేసిన మేరీ వర్గీస్ 1954లో ప్రమాదానికి గురై నడుము కింది చలనం కోల్పోయి, చక్రాలకుర్చీలో కూర్చొని శస్త్రచికిత్సలు చేశారు. 1966లో ఆమె నేతృత్వంలో అక్కడ పునరావాసకేంద్రం ప్రారంభమైంది. చిత్తూరుకు ఆనుకొని ఉన్న ఊరు కనుక తెలుగు రోగులకు వెల్లూరు ఏనాడూ పరాయిది కాలేదు.

ప్రభుత్వరంగంలో కాన్పూరులోని కృత్రిమావయవ నిర్మాణసంస్థ 1972లో నమోదై, 1976లో ఉత్పత్తి ప్రారంభించింది. దానికి అనుబంధంగా 1975లో ఒడిశాలోని కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో శిక్షణకేంద్రం ఏర్పడి, 1984లో స్వతంత్ర జాతీయసంస్థ అయింది. కలకత్తాలో 1978లో అస్థివైకల్యజాతీయసంస్థ వెలసింది. తరువాతికాలంలో పట్టాచదువుకు ప్రధానకేంద్రాలుగా నిలిచినవాటిలో ఈ రెండూ ఉన్నాయి. వీటి పుట్టుకలో ఒక సూచన ఉంది. ముందు కర్మాగారం వచ్చింది. దాని వస్తువును అమర్చగలవారు కావలసివచ్చి బడి వచ్చింది.

4. జైపూర్: ఒక వైద్యుడు, ఒక హస్తకళాకారుడు:

ఈ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన అధ్యాయం ఈ సంస్థలలో దేనిలోనూ జరగలేదు. అది జైపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో, 1960ల చివరిసంవత్సరాలలో జరిగింది.

అప్పటికి పాశ్చాత్యదేశాలలో ప్రామాణికంగా నిలిచినది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో 1950లలో రూపొందిన సాచ్ పాదం. దానికి చీలమండ కదలదు. మడమలోని మెత్తని దిండు నేలతాకిడిని ఆపుకొంటుంది. బూటు వేసుకొని, కుర్చీలో కూర్చొని, చదునునేలపై నడిచేవానికి అది చక్కని సాధనం. కాని బాసింపట్టు వేసి భోజనం చేసేవానికి, గొంతుకూర్చునేవానికి, వరిమడిలో దిగేవానికి, గుడి ముందు చెప్పులు విప్పేవానికి అది అడ్డు. అస్థివైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ తన రోగులు పూణే వరకు వెళ్లి తెచ్చుకున్న కాళ్లను ఇంటికి వచ్చాక వాడకుండా వదిలివేయడం గమనించారు. లోపం రోగిలో లేదని, పాదంలో ఉందని ఆయన గుర్తించారు.

పరిష్కారం మాత్రం మరొకరి చేతిలో ఉంది. రామచంద్రశర్మ అదే ఆసుపత్రిలో రోగులకు హస్తకళలు నేర్పే శిల్పి. 'మాస్టర్‌జీ' అని పిలిచేవారు. పాఠశాలచదువు నామమాత్రం. సైకిలుచక్రానికి గాలిపోయి టైర్ల దుకాణంలో ఆగినప్పుడు, అరిగిన లారీటైరుకు కొత్త రబ్బరు అంటించే పద్ధతి చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెప్పే కథ ప్రచారంలో ఉంది. కథలోని వివరాలు ఎలా ఉన్నా పాదం నిర్మాణంలో దాని ఆనవాలు స్పష్టం. ముందుపాదానికీ మడమకూ మైక్రోసెల్యులార్ రబ్బరుదిమ్మలు, చీలమండకు కొయ్యదిమ్మ. వీటిని టైరుపరిశ్రమలో వాడే రబ్బరుతో చుట్టి, అచ్చులో పెట్టి వేడిచేసి వల్కనైజ్ చేస్తారు. ఫలితంగా పాదం పలుదిశలకు వంగుతుంది, నీటిలో నానదు, చెప్పు లేకుండానే నడవవచ్చు. పైరంగు కూడా మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుంది. కాలిపిక్కభాగానికి మొదట అల్యూమినియం రేకు వాడారు. తరువాత నీటిగొట్టాలకు వాడే పాలిథిలీన్ వచ్చింది. 1975లో డి. ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ పాదాన్ని ఉచితంగా లక్షలమందికి అందించింది.

పరిశోధకులు గమనించవలసిన చిన్న వివరం ఒకటుంది. 1978లో ఈ రబ్బరుపాదాన్ని వివరించే వ్యాసం అంతర్జాతీయ ప్రోస్థెటిక్స్-ఆర్థోటిక్స్ పత్రికలో వెలువడింది. నలుగురు రచయితలలో సేఠీది మొదటి పేరు. రామచంద్రను సూచించే 'ఆర్. చంద్ర' అన్నది చివరి పేరు. పత్రికాసంప్రదాయంలో చివరిపేరుకు ఎంత విలువ ఉన్నా, పెద్దగా బడికి వెళ్లని శిల్పి పేరు పరిశోధనపత్రికలో వ్యాసకర్తగా నిలవడం మన విద్యాచరిత్రలో అరుదు. 1981లో రామన్ మెగసెసే పురస్కారం మాత్రం సేఠీ ఒక్కరికే వచ్చింది. సేఠీ ఘనత ఇందువల్ల తగ్గదు. శిల్పి మాటను విన్న వైద్యుడు ఆయన. అది కూడా అరుదే. పురస్కారాలకు, పట్టాలకు ఉన్న చూపు ఎటువైపు తిరిగి ఉంటుందో మాత్రం ఇక్కడ తెలుస్తుంది.

తెలుగువారికి ఈ పాదం పరిచయమైంది వైద్యపత్రికల ద్వారా కాదు. 1981లో తమిళనాట జరిగిన బస్సుప్రమాదంలో కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ పాదంతో తిరిగి రంగస్థలమెక్కారు. ఆమె జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై వచ్చిన 'మయూరి'లో ఆమెయే నటించారు. చిత్రం 1985లో విడుదలైంది. ఆ చిత్రాన్ని సంకల్పబలగాథగా చూడటం పరిపాటి. సాంకేతికదృష్టితో చూస్తే మరొక విషయం కూడా ఉంది. భరతనాట్యం చెప్పులు లేకుండా, మోకాళ్లు వంచి, పాదాన్ని నేలకు కొట్టి చేసే నాట్యం. బూటుకోసం రూపొందిన పాదం దానికి సహకరించదు. సంకల్పానికి తగిన పాదం కూడా అవసరమైంది.

5. చట్టం - పట్టా:

జైపూర్ పాదం ప్రపంచమంతటా ప్రసిద్ధమవుతున్న కాలంలోనే ఈ వృత్తికి ప్రమాణాలు నిర్ణయించే ప్రయత్నం కూడా సాగింది. 1970లో కోపెన్‌హాగన్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రోస్థెటిక్స్-ఆర్థోటిక్స్ సంఘం వృత్తినిపుణులను మూడుశ్రేణులుగా విభజించింది. మొదటిశ్రేణికి పట్టాస్థాయి చదువు కావాలి. మూడవశ్రేణిలోని సాంకేతికుడు బల్ల దగ్గర వస్తువును తయారుచేస్తాడే గాని రోగిని నేరుగా చూడడు. ఈ విభజనలో శర్మ వంటివాడు చేరగలిగేది మూడవశ్రేణిలోనే. ఆయన కనిపెట్టినదంతా రోగులు ఎలా కూర్చుంటారో, ఎలా లేస్తారో దగ్గరుండి చూడటం వల్లనే సాధ్యమైందని గుర్తుచేసుకుంటే ఈ గీత ఎక్కడ పడిందో అర్థమవుతుంది.

భారతపునరావాసమండలి చట్టం 1992లో వచ్చింది. 1993 నుండి మండలి చట్టబద్ధసంస్థగా పనిచేస్తున్నది. గుర్తింపు పొందిన అర్హత, కేంద్రపట్టికలో నమోదు లేనివారు దేశంలో ఎక్కడా పునరావాసవృత్తి చేయరాదని ఆ చట్టంలోని 13వ విభాగం చెబుతుంది. ఉల్లంఘనకు ఏడాది వరకు జైలు, లేదా వెయ్యిరూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం అమలులోకి వచ్చేనాటికి గుర్తింపుపొందిన అర్హత ఉన్నవారికి ఆరునెలల వెసులుబాటు ఉంది. చేతిపని తప్ప కాగితం లేనివారి గురించి ఆ వాక్యంలో ప్రస్తావన లేదు.

దీనిని కేవలం అన్యాయంగా చిత్రించడం తొందరపాటు. 2000ల తొలిసంవత్సరాలలో పాలిథిలీన్ జైపూర్ కాళ్లు ధరించినవారిని పలుదేశాలలో పరిశీలించిన నిపుణులు సాకెట్టు అమరికలో, పనితనంలో గణనీయమైన లోపాలను నమోదుచేశారు. పాదం మంచిదైనా సాకెట్టు బిగుతుగానో, వదులుగానో ఉంటే మిగిలిన కాలిభాగం దెబ్బతింటుంది. ఒక శిబిరంలో కొద్దిరోజులలో వందలమందికి కాళ్లు అమర్చి వెళ్లిపోయే పద్ధతిలో తిరిగివచ్చి సరిచేసేవారు ఉండరు. మధుమేహం వల్ల కాలు పోయినవారి విషయంలో ఇది మరింత ప్రమాదం. వారికి పుండు పడుతున్నట్లు తెలియకపోవచ్చు. శరీరనిర్మాణం, రక్తప్రసరణ, జీవయాంత్రికశాస్త్రం చదివినవారు ఈ పనిలో ఉండాలన్న వాదన రోగిపక్షాననే పుట్టింది.

పట్టాచదువు కాలపరిమితి నాలుగున్నర సంవత్సరాలు. అందులో చివరి ఆరునెలలు ఇంటర్న్‌షిప్. ప్రవేశానికి భౌతికరసాయనశాస్త్రాలతోపాటు జీవశాస్త్రం గాని, గణితం గాని ఉండాలి. ఇంటర్మీడియట్‌లో అడుగుపెట్టగానే పిల్లలను ఎం.పి.సి., బై.పి.సి. అని రెండుగట్లుగా విడదీసే తెలుగురాష్ట్రాలలో, రెండుగట్లవారూ ఒకే తరగతిలో కూర్చునే చదువులు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి. లెక్కలవారికి ఎముకల పేర్లు కొత్త, జీవశాస్త్రంవారికి బలాల విశ్లేషణ కొత్త. ఇద్దరికీ కొత్తది మాత్రం పనిశాల.

ఆ పనిశాలలో అసలుపరీక్ష ఎక్కడుందో చెప్పుకోవాలి. మోకాలి కింద కాలు తీసివేసినవారికి సాకెట్టు చేయడానికి ముందు మిగిలిన భాగాన్ని ప్లాస్టర్ పట్టీతో చుట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి కాలిభాగానికి ప్రతిరూపం సాధిస్తారు. కాని ఆ ప్రతిరూపాన్ని ఉన్నదున్నట్లుగా వాడితే సాకెట్టు పనికిరాదు. మోకాలిచిప్ప కింది స్నాయువు వంటి, బరువు మోయగల చోట్ల ప్లాస్టర్‌ను ఆకురాయితో అరగదీస్తారు. పిక్క వెలుపలి ఎముకతల వంటి, చర్మం కింద ఎముక నేరుగా తగిలే చోట్ల కొంత ప్లాస్టర్ చేరుస్తారు. తీసివేసిన చోట సాకెట్టు కాలిని గట్టిగా పట్టుకుంటుంది, చేర్చిన చోట ఖాళీ ఇస్తుంది. ఎంత తీయాలో, ఎంత చేర్చాలో పాఠ్యపుస్తకంలో అంకెలున్నాయి. కండ మెత్తదనాన్ని, మచ్చ సున్నితత్వాన్ని, మనిషి బరువును ఆ అంకెలతో సరిపోల్చేది మాత్రం వేళ్లే. ఆ వేళ్లు తయారు కావడానికి పట్టే కాలాన్ని సెమిస్టరు నిర్ణయించలేదు. నేడు స్కానర్లు, కంప్యూటర్లు ఆకురాయి పనిని తెరపైకి తెచ్చాయి. ఎక్కడ తీయాలనే తీర్పు మాత్రం మనిషి దగ్గరే ఉంది.

ఈలోగా చదువుకు ఎదురయ్యే రోగి కూడా మారాడు. ఒకప్పుడు ఆర్థోటిక్స్ తరగతి అంటే పోలియో పిల్లల కాళ్లకు బిగించే ఇనుపకాలిపర్లు. దేశంలో చివరి సహజపోలియోకేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. ఆ పని తగ్గి, మస్తిష్కపక్షవాతం ఉన్న పిల్లలు, పుట్టుకతో వంకరపాదాలు గల శిశువులు, మధుమేహపాదాలు ముందుకు వచ్చాయి.

6. పరిభాష - రోగి మాట:

చదువు ఇంగ్లీషులో సాగుతుంది. రోగి మాట్లాడేది తెలుగు. ఈ రెంటి మధ్య దూరం పనిశాలలో తేలుతుంది. తీసివేయగా మిగిలిన భాగానికి పాత ఇంగ్లీషుపుస్తకాలు చెట్టుమొద్దుకు వాడే మాటనే వాడాయి. నేటి పుస్తకాలు మర్యాదకోసం 'మిగిలిన అవయవం' అంటున్నాయి. తెలుగులో ఆ చోటుకు 'మొండి' అన్న మాట ఉంది. మొండిచేయి, మొండికాలు. పట్టుదలకూ అదే మాట. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్నప్రతిభావంతులు అని ప్రభుత్వవ్యవహారంలో మనుషుల పేర్లు మారుతూ వచ్చినా, బట్ట విప్పి కాలు చూపే మనిషి నోట వచ్చేది మొండి అన్న మాటే. దానిని అనాగరికమని సరిదిద్దే విద్యార్థి రోగిని నోరు మూసుకొనేలా చేస్తాడు.

అంతకన్నా ముఖ్యమైనవి నొప్పి మాటలు. ఇంగ్లీషు పరీక్షపత్రంలో అవన్నీ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. తెలుగురోగి 'ఒత్తుకుంటోంది' అంటే ఎముక ఉబ్బు దగ్గర ఖాళీ చాలలేదేమో చూడాలి. 'ఒరుసుకుంటోంది' అంటే అడుగుతీసి అడుగువేసేటప్పుడు కాలిభాగం సాకెట్టులో పైకీ కిందకీ ఆడుతున్నదని అనుమానించాలి. 'జారుతోంది' అంటే పట్టీ సంగతి. 'గుచ్చుతోంది' అంటే అంచు. 'తిమ్మిరెక్కుతోంది' అంటే నరంపైనో, రక్తప్రసరణపైనో ఒత్తిడి. 'బరువుగా ఉంది' అంటే తూకం కాక కూర్పు తప్పై ఉండవచ్చు. సరైన కోణంలో కలపని తేలికకాలు కూడా బరువుగానే తోస్తుంది. పోయిన పాదంలోనే 'దురద పెడుతోంది' అనేవారు కూడా ఉంటారు. అది భ్రమ అని కొట్టివేయదగినది కాదు. నాడీవ్యవస్థ ఇంకా ఆ పాదాన్ని మరచిపోలేదని అర్థం.

ఏ మాట వినబడితే సాకెట్టులో ఏ చోటును తడమాలో చెప్పే ఈ జ్ఞానం పుస్తకంలో నేర్చుకునేది కాదు. పట్టా పొందినవాడు మొదటి ఉద్యోగంలో, పనిబల్ల దగ్గర ఏళ్లతరబడి పనిచేసిన పాతపనివాని పక్కన నిలబడి దీనిని నేర్చుకుంటాడు. ఆ పాతపనివాని పేరు మండలి పట్టికలో ఉండదు.